పంక్ దెబ్బ ఎవరికి తగిలింది?

రాక్ సంగీత గాథ – 14వ భాగం

1975 మే నెలలో లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో లెడ్ జెపెలిన్ అయిదు రాత్రులు చేసిన కచేరీలతో గత భాగం ముగిసింది. బ్రిటిష్ రాక్ వైభవం అంతకు మించి పెరుగుతుందని ఊహించడం అప్పట్లో ఎవరికైనా కష్టమే. ఆరు నెలలు తిరక్కుండానే, నవంబర్ 6న, అదే ఊళ్లోని సెయింట్ మార్టిన్స్ ఆర్ట్ స్కూల్లో సెక్స్ పిస్టల్స్ అనే కుర్రాళ్ల బృందం మొదటిసారి జనం ముందు వాయించింది. నాలుగైదు పాటలు అయ్యాయో లేదో ఆపించేశారు.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చాలామంది ఒక కథ చెబుతారు. పంక్ కుర్రాళ్లు వచ్చారు, పాత బృందాలు మూటాముల్లె సర్దుకున్నాయి అన్నది ఆ కథ. దాన్ని నేను ఒప్పుకోను. అమ్మకాల పట్టికలు, కచేరీలకు వచ్చిన జనం, బృందాలు విడిపోయిన తేదీలు, వీటిలో ఏది తీసి చూసినా ఆ కథ నిలవదు. అలాగని పంక్ వల్ల ఏమీ మారలేదనడమూ తప్పే. దెబ్బ గట్టిగానే తగిలింది. తగిలిన చోటు వేరు. ఆ చోటేదో చూడటమే ఈ భాగంలో మన పని.

కోపానికి కారణాలు

1970ల మొదటి సగంలో బ్రిటిష్ రాక్ బృందాలు తమ అభిమానులకు అందనంత దూరం జరిగాయి. ఇంగ్లండ్‌లో సంపన్నుల సంపాదన మీద పన్ను చాలా ఎక్కువగా ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి రోలింగ్ స్టోన్స్ 1971లోనే ఫ్రాన్స్‌కు మకాం మార్చారు. ఎర్ల్స్ కోర్ట్ కచేరీలు కాగానే లెడ్ జెపెలిన్ కూడా అదే కారణంతో దేశం వదిలింది. పాటలు సాగిపోయాయి. ‘యెస్’ బృందం 1973లో తెచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ రెండు రికార్డుల ఆల్బమ్. నాలుగు వైపులకూ నాలుగే పాటలు, మొత్తం దాదాపు 80 నిమిషాలు. పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’లో శాస్త్రాల గురించిన ఒక అధోజ్ఞాపిక చదివి గాయకుడు జాన్ ఆండర్సన్ దానికి రూపకల్పన చేశాడు. అంతటి సాహసాన్ని నేను తక్కువ చేయను. అయితే అలాంటి సంగీతం వాయించాలంటే ఏళ్ల సాధన, ఖరీదైన కీబోర్డులు, నెలల తరబడి స్టూడియో అద్దె కావాలి. పదహారేళ్ల కుర్రాడు దాన్ని విని తలవంచగలడు, తానూ వాయిస్తానని లేచి నిలబడలేడు.

దేశం పరిస్థితీ అలాగే ఉంది. నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. 1976లో బ్రిటన్ ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పుకు చెయ్యి చాచింది. బడి వదిలిన పిల్లలకు ముందు దారి కనిపించని కాలం అది.

మార్పు కావాలన్న ఆకలి పంక్ కంటే ముందే పుట్టిందని గుర్తుంచుకోవాలి. కాన్వీ ఐలండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఫీల్‌గుడ్ బృందం పబ్బుల్లో చిన్నచిన్న మొరటు పాటలు వాయిస్తూ పేరు తెచ్చుకుంది. 1976లో వాళ్ల కచేరీ రికార్డు ‘స్టుపిడిటీ’ బ్రిటిష్ ఆల్బమ్‌ల పట్టికలో అగ్రస్థానానికి చేరింది. అదే ఏడాది జూన్‌లో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో మిక్ ఫారెన్ పెద్ద బృందాలను టైటానిక్ ఓడతో పోలుస్తూ ఒక వ్యాసం రాశాడు. రాక్ తన వీధిని మరిచిపోయిందన్నది అతని ఫిర్యాదు. ఫారెన్ 1960లలో ‘డెవియంట్స్’ బృందాన్ని నడిపిన మనిషి, అప్పటికే ముప్ఫై దాటినవాడు. అంటే మొదటి హెచ్చరిక పాత తరం లోపలి నుంచే వచ్చింది.

న్యూయార్క్ నుంచి ఒక నమూనా కూడా అందింది. 1976 ఏప్రిల్‌లో రామోన్స్ బృందం తొలి ఆల్బమ్ విడుదలైంది. అందులో 14 పాటలు, మొత్తం నిడివి 29 నిమిషాలు, అయిన ఖర్చు దాదాపు 6,400 డాలర్లు. జులై 4న వాళ్లు లండన్ రౌండ్‌హౌస్‌లో వాయించారు. అంతకు నెల ముందు, జూన్ 4న, మాంచెస్టర్ లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో సెక్స్ పిస్టల్స్ కచేరీ జరిగింది. దాన్ని ఏర్పాటు చేసిన హోవర్డ్ డివోటో, పీట్ షెల్లీ ఇద్దరూ ‘బజ్‌కాక్స్’ బృందం పెట్టారు. చూడటానికి వచ్చిన పిడికెడు మందిలో ఉన్న పీటర్ హుక్, బెర్నార్డ్ సమ్నర్ ఆ తర్వాత ‘జాయ్ డివిజన్’ స్థాపించారు. పంక్ సిసలైన బలం ఇదే. విన్నవాణ్ని వాయించేవాడిగా మార్చింది.

1976 డిసెంబర్ తొలి వారం

డిసెంబర్ 1 సాయంత్రం థేమ్స్ టెలివిజన్ ‘టుడే’ కార్యక్రమానికి క్వీన్ బృందం రావాల్సి ఉంది. చివరి నిమిషంలో వాళ్లు రాలేకపోయారు. పార్సీ కుటుంబంలో పుట్టి మన పంచ్‌గనిలో చదువుకున్న ఫ్రెడ్డీ మెర్క్యురీ ఆ రోజు పంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చిందని చెబుతారు. రెండు బృందాల రికార్డులూ ఇ.ఎం.ఐ. కంపెనీవే కాబట్టి, వాళ్ల బదులు సెక్స్ పిస్టల్స్‌ను పంపారు. వ్యాఖ్యాత బిల్ గ్రండీ రెచ్చగొట్టాడు, కుర్రాళ్లు ప్రత్యక్ష ప్రసారంలోనే బూతులు తిట్టారు. తెల్లారేసరికి డైలీ మిర్రర్ మొదటి పేజీ నిండా వాళ్లే. ఒక్క రాత్రిలో పంక్ అన్నది దేశం మొత్తానికి తెలిసిన మాటయింది. ఆ నెలలో వాళ్లు తలపెట్టిన కచేరీల యాత్రను ఊరూరా స్థానిక పాలక మండళ్లు అడ్డుకున్నాయి.

రెండు రోజుల తర్వాత, డిసెంబర్ 3న, లండన్ బ్యాటర్‌సీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల మధ్య పింక్ ఫ్లాయిడ్ తమ ‘యానిమల్స్’ ఆల్బమ్ అట్ట కోసం ఎగరేసిన గాలిపంది తాడు తెంచుకుంది. హీత్రో విమానాల దారిలోకి కొట్టుకుపోయి చివరికి కెంట్ పొలాల్లో దిగింది. పింక్ ఫ్లాయిడ్ కూడా ఇ.ఎం.ఐ. బృందమే. ఒకే కంపెనీ గొడుగు కింద క్వీన్, పింక్ ఫ్లాయిడ్, సెక్స్ పిస్టల్స్ ముగ్గురూ ఉన్న ఆ కొద్ది వారాలు రాక్ చరిత్రలో ప్రత్యేకమైనవి. కంపెనీ తేల్చుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు. 1977 జనవరిలో సెక్స్ పిస్టల్స్‌ను వదిలించుకుంది. క్వీన్ కొత్త ఆల్బమ్ ‘ఎ డే ఎట్ ది రేసెస్’ బ్రిటన్‌లో అగ్రస్థానానికి చేరింది.

లెక్కలు చెప్పే మాట

1977ను పంక్ సంవత్సరమని అంటారు. ఆ ఏడాది పట్టికలు చూద్దాం. ‘యానిమల్స్’ బ్రిటన్‌లో 2వ స్థానం, అమెరికాలో 3వ స్థానం అందుకుంది. యెస్ బృందం ‘గోయింగ్ ఫర్ ది వన్’ బ్రిటన్‌లో ఏకంగా అగ్రస్థానంలో నిలిచింది. పంక్ అభిమానులు అందరికంటే ఎక్కువగా ఎద్దేవా చేసిన ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందం ఆరన్ కోప్‌లండ్ స్వరరచనను రాక్ బాణీలోకి మలిచి విడుదల చేస్తే, ఆ సింగిల్ వేసవిలో 2వ స్థానం దాకా ఎక్కింది. ఏప్రిల్ 30న అమెరికాలోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో లెడ్ జెపెలిన్‌ను చూడటానికి 76,229 మంది వచ్చారు. ఒకే బృందం కోసం ఒక కప్పు కింద అంతమంది చేరడం అప్పటికి రికార్డు.

పంక్ కూడా పట్టికల్లోకి ఎక్కింది. రాణి పాలన రజతోత్సవాల వేళ సెక్స్ పిస్టల్స్ పాట ‘గాడ్ సేవ్ ది క్వీన్’ను బీబీసీ నిషేధించింది. అయినా అది 2వ స్థానానికి చేరింది. ఆ వారం వాళ్ల పైన నిలిచింది పాత తరం గాయకుడు రాడ్ స్టీవర్ట్. అక్టోబర్‌లో వచ్చిన సెక్స్ పిస్టల్స్ ఆల్బమ్ బ్రిటన్‌లో అగ్రస్థానం సాధించింది. అదే ఆల్బమ్ అమెరికాలో 106 దాటి పైకి రాలేదు. రామోన్స్ తొలి ఆల్బమ్ సొంత దేశంలోనే 111 దగ్గర ఆగింది. మరో బ్రిటిష్ పంక్ బృందం క్లాష్ తొలి ఆల్బమ్‌ను వాళ్ల అమెరికా కంపెనీ 1979 దాకా విడుదలే చేయలేదు. ఆ కాలంలో అమెరికా వింటున్నది ఫ్లీట్‌వుడ్ మాక్‌ను, ఈగిల్స్‌ను. 1977 ఫిబ్రవరిలో వచ్చిన ‘రూమర్స్’ మొత్తం 31 వారాలు అక్కడ మొదటి స్థానంలో ఉంది.

రెండు దేశాలకూ ఇంత తేడా ఎందుకు? బ్రిటన్ చిన్న దేశం. లండన్‌లో అచ్చయ్యే మూడు నాలుగు సంగీత వారపత్రికలు దేశమంతా అందేవి. బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ రాత్రి వేసిన పాట మర్నాడు ఎడిన్‌బరోలోనూ బ్రిస్టల్‌లోనూ పిల్లల నోట నానేది. ఒక పత్రికా ఒక రేడియో కార్యక్రమమూ మనసు మార్చుకుంటే దేశం మొత్తం గాలి మారినట్టు ఉండేది. అమెరికాలో వందలాది ఎఫ్.ఎం. స్టేషన్లు. ఏ ఊరికి ఆ ఊరు, ప్రకటనదారులు అడిగిన శ్రోతల కోసం, ఆల్బమ్ పాటల జాబితాలు కట్టుకునేవి. ఆ జాబితాల్లో జెపెలిన్, ఫ్లాయిడ్, ఈగిల్స్ పాతుకుపోయారు. రేడియోలో రాని సంగీతం న్యూయార్క్, లాస్ ఏంజెలిస్ లాంటి నగరాల క్లబ్బులు దాటి బయటికి వెళ్లడం కష్టమైంది.

దెబ్బ తగిలిన చోటు

జాన్ పీల్ శ్రోతలు తమకు నచ్చిన పాటలకు ఓట్లు వేసే ‘ఫెస్టివ్ ఫిఫ్టీ’ 1976 చివర మొదలైంది. ఆ తొలి జాబితాలో అగ్రస్థానం లెడ్ జెపెలిన్ ‘స్టెయిర్‌వే టు హెవెన్’కు దక్కింది. 1978 జాబితాలో అదే స్థానం సెక్స్ పిస్టల్స్ ‘అనార్కీ ఇన్ ది యు.కె.’ది. కార్యక్రమం అదే, వ్యాఖ్యాత అతనే. 1960లలో పింక్ ఫ్లాయిడ్‌ను, మార్క్ బోలన్‌ను భుజాన వేసుకున్న పీల్ ఇప్పుడు కొత్త పిల్లల రికార్డులు వేస్తున్నాడు. వినేవాళ్లు రెండేళ్లలో మారిపోయారు.

పత్రికలూ మారాయి. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ 1976లో యువ రచయితల కోసం ప్రకటన వేసి టోనీ పార్సన్స్, జూలీ బర్చిల్‌లను చేర్చుకుంది. అదే వేసవిలో మార్క్ పెర్రీ ‘స్నిఫిన్ గ్లూ’ అనే పత్రికను తనే టైపు చేసి, ఫొటోకాపీలు తీసి పంచడం మొదలుపెట్టాడు. ఈ కొత్త కలాలకు ఇరవై నిమిషాల పాట ఒక నేరం. 1976 చివరికి రోలింగ్ స్టోన్స్ మిక్ జాగర్‌కు 33 ఏళ్లు, పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్‌కు 33, లెడ్ జెపెలిన్ రాబర్ట్ ప్లాంట్‌కు 28 మాత్రమే. జానీ రాటెన్‌గా పేరుపడ్డ సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్‌కు 20. ముప్ఫై కూడా దాటని ప్లాంట్‌ను ముసలివాడి కింద జమకట్టారంటే ఆ గాలి ఎంత జోరుగా వీచిందో అర్థమవుతుంది.

ఇక్కడే నా అసలు వాదన. పంక్ పెద్ద బృందాల నుంచి కొనుగోలుదారులను లాక్కోలేదు. వర్తమానాన్ని లాక్కుంది. 1976 దాకా ‘ఇవాళ్టి సంగీతం ఏది’ అంటే జెపెలిన్, ఫ్లాయిడ్, యెస్ అనేవారు. 1978కల్లా వాళ్ల టికెట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు వాళ్లు కారు.

నిజంగా నష్టపోయింది మధ్య వరసలో ఉన్నవాళ్లు. సంక్లిష్టమైన ‘ప్రోగ్రెసివ్’ సంగీతం చేస్తూ, పెద్దగా అమ్ముడుపోకపోయినా పత్రికల మెప్పుతో, కంపెనీల ఓర్పుతో నెట్టుకొచ్చిన బృందాలకు ఆ రెండూ కరువయ్యాయి. వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ 1978లో విడిపోయింది. జెంటిల్ జెయింట్ తమ పద్ధతి మార్చుకుని చిన్న పాటలు ప్రయత్నించి 1980లో ముగించింది. రేపటి యెస్, రేపటి జెనెసిస్ కాదలచుకున్న కొత్త కుర్రాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. బజ్‌కాక్స్ 500 పౌండ్లు అప్పు తెచ్చి 1977 జనవరిలో సొంతంగా ‘స్పైరల్ స్క్రాచ్’ రికార్డు వేశాక, లక్షలు గుమ్మరించి కొత్త ప్రోగ్రెసివ్ బృందాన్ని పెంచాలన్న ఆలోచనకు కంపెనీల్లో విలువ తగ్గింది.

కొన్ని పతనాలను పంక్ ఖాతాలో వేయడం అన్యాయం. కింగ్ క్రిమ్సన్ 1974లోనే ఆగిపోయింది. డీప్ పర్పుల్ 1976 జులైలో, సెక్స్ పిస్టల్స్ ఒక్క రికార్డు కూడా వేయకముందే, విడిపోయింది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 1977లో దాదాపు 70 మంది వాద్యకారులతో అమెరికా యాత్రకు బయల్దేరి, ఖర్చు భరించలేక మధ్యలోనే ఆర్కెస్ట్రాను వదిలేసుకున్నారు. రెండేళ్లలో బృందమే చెదిరింది. వాళ్లను దించింది సొంత ఖర్చే.

శత్రువులు అంత దూరం లేరు

లైడన్ తన పింక్ ఫ్లాయిడ్ చొక్కా మీద ఆ పేరుకు పైన ‘నాకు అసహ్యం’ అని అర్థమొచ్చే మాటలు రాసుకుని తిరిగాడు. ఆ చొక్కాయే అతన్ని సెక్స్ పిస్టల్స్‌లోకి రప్పించిందంటారు. అదే లైడన్ 1977 జులైలో క్యాపిటల్ రేడియోలో తనకు ఇష్టమైన రికార్డులు వేసే అవకాశం వస్తే, వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ నాయకుడు పీటర్ హామిల్ పాటలు వేశాడు. తర్వాతి కాలంలో పింక్ ఫ్లాయిడ్ సంగీతం తనకు ఇష్టమేనని బాహాటంగా చెప్పాడు. డ్యామ్డ్ అనే పంక్ బృందం తమ రెండో ఆల్బమ్‌ను పింక్ ఫ్లాయిడ్ డ్రమ్మర్ నిక్ మేసన్ చేతుల్లో పెట్టింది. లెడ్ జెపెలిన్ జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ 1977 మొదట్లో కోవెంట్ గార్డెన్‌లోని రాక్సీ క్లబ్బుకు వెళ్లి డ్యామ్డ్‌ను చూసి వచ్చారు.

పాత తరంలో పంక్‌ను అందరికంటే లోతుగా పట్టించుకున్నవాడు హూ బృందం పీట్ టౌన్‌షెండ్. స్పీక్‌ఈజీ క్లబ్బులో ఒక రాత్రి సెక్స్ పిస్టల్స్ సభ్యులు స్టీవ్ జోన్స్, పాల్ కుక్ తారసపడ్డారు. రాయల్టీల చర్చల్తో రోజంతా విసిగి ఉన్న టౌన్‌షెండ్, మా పని అయిపోయింది, ఇక మీదే అన్నట్టు వాళ్లతో మాట్లాడాడు. వాళ్లు సంబరపడలేదు. హూ విడిపోతుందేమోనని దిగులుపడ్డారు, ఎందుకంటే వాళ్లు ఆ బృందానికి అభిమానులు. ఆ రాత్రి అనుభవం నుంచే 1978 నాటి ‘హూ ఆర్ యు’ పాట పుట్టింది.

మారినవాళ్లు లాభపడ్డారు. 1977లో క్వీన్, సెక్స్ పిస్టల్స్ ఒకే వెసెక్స్ స్టూడియోలో పక్కపక్క గదుల్లో రికార్డింగ్ చేసుకున్నారు. క్వీన్ అక్కడ చేసిన ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’లో అంతకుముందు వరసలు పేర్చిన కంఠాలు తగ్గి, స్టేడియం మొత్తం కాళ్లు నేలకు కొట్టి, చప్పట్లు చరిచి పాడగల పాటలు వచ్చాయి. రోలింగ్ స్టోన్స్ 1978లో ‘సమ్ గర్ల్స్’తో వేగం పెంచి, చాలాకాలంగా లేని ఊపు తెచ్చుకున్నారు. ఆ రికార్డు అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. జెనెసిస్ చిన్న పాటలు నేర్చుకుని 1980లో ‘డ్యూక్’తో తొలిసారి బ్రిటన్‌లో అగ్రస్థానం చూసింది. ఫ్లీట్‌వుడ్ మాక్‌లో లిండ్సే బకింగ్‌హమ్ కొత్త సంగీతం విని, 1979లో ‘టస్క్’ను కావాలనే మొరటుగా తీర్చాడు. అది ‘రూమర్స్’ అంత అమ్ముడుపోలేదు, అయినా ఆ బృందం చేసిన సాహసాల్లో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పింక్ ఫ్లాయిడ్ దారి ఇంకొకటి. 1977 జులైలో మాంట్రియల్ స్టేడియంలో రోజర్ వాటర్స్ ఒక అభిమాని మీద ఉమ్మేశాడు. తనకూ జనానికీ మధ్య అంత దూరం ఎలా పెరిగిందని ఆ తర్వాత తనను తానే ప్రశ్నించుకున్నాడు. పంక్ కుర్రాళ్లు బయటి నుంచి వేసిన నింద అతను లోపలి నుంచి వేసుకున్నాడు. దాని ఫలితమే 1979 నవంబర్ 30న వచ్చిన ‘ది వాల్’. అందులోని బడిపిల్లల పాట ఆ క్రిస్మస్‌కు బ్రిటన్‌లో అగ్రస్థానంలో ఉంది. ఆ దశాబ్దపు చివరి నంబర్ వన్ పాట ఎవరిదంటే పింక్ ఫ్లాయిడ్‌దే. అమెరికాలో ఆల్బమ్ 15 వారాలు మొదటి స్థానం వదల్లేదు.

గీత గీసింది ఎవరు

సెక్స్ పిస్టల్స్ 1978 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో విడిపోయారు. లెడ్ జెపెలిన్ 1979 ఆగస్టులో నెబ్‌వర్త్‌లో రెండు శనివారాలు జనసముద్రం ముందు వాయించింది. ఆ నెలలోనే వచ్చిన ‘ఇన్ త్రూ ది ఔట్ డోర్’ రెండు దేశాల్లోనూ అగ్రస్థానం అందుకుంది, దాని వెంట వాళ్ల పాత ఆల్బమ్‌లన్నీ అమెరికా 200 పట్టికలోకి తిరిగొచ్చాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్ 25న డ్రమ్మర్ జాన్ బోనమ్ మరణంతో ఆ బృందం ఆగింది. దాన్ని ఆపింది పంక్ కాదు, మృత్యువు.

1982 అక్టోబర్‌లో న్యూయార్క్ షే స్టేడియంలో హూ కచేరీకి ముందు వాయించినవాళ్లు క్లాష్. అయిదేళ్ల కిందట తమ పాటలో ఎల్విస్, బీటిల్స్, రోలింగ్ స్టోన్స్ ఇక వద్దని ప్రకటించినవాళ్లే ఆ క్లాష్. టౌన్‌షెండ్ స్పీక్‌ఈజీలో అప్పగించబోయిన బాధ్యతను ఇప్పుడు స్టేడియం వేదిక మీద పంచుకున్నారు.

1980ల మధ్యలో ఫ్రెడ్ జేకబ్స్ అనే రేడియో సలహాదారు అమెరికాలో కొత్త పద్ధతి స్టేషన్లకు రూపం ఇచ్చాడు. కొత్త పాటల ఊసు లేకుండా 1960ల చివరి నుంచి 1970ల దాకా వచ్చిన రాక్ మాత్రమే వేయడం ఆ పద్ధతి. దాని పేరే క్లాసిక్ రాక్. అప్పుడే వచ్చిన సీడీల మీద అవే ఆల్బమ్‌లను జనం మళ్లీ కొన్నారు. ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 1973 నుంచి 1988 దాకా అమెరికా పట్టికలో 741 వారాలు గడిపింది.

1976కు ముందు ఇలాంటి స్టేషన్ ఉండే అవకాశమే లేదు. అప్పుడు రాక్ అంతా ఒకే ప్రవాహం. దానికి అడ్డంగా గీత గీసి ఇటుపక్కది కొత్తది, అటుపక్కది పాతది అని చాటింది పంక్. అటుపక్కన మిగిలిన బృందాలను చెరిపేయాలని గీసిన గీతే వాళ్లకు శాశ్వత చిరునామా అయింది. వర్తమానంలో వాళ్ల స్థానం పోయింది, చరిత్రలో స్థిరపడింది. శ్రోతలు ఒకరిని ప్రేమించడానికి మరొకరిని వదులుకోలేదు. సంగీతంలో కొత్తది రావడానికి పాతది చావనక్కర్లేదని నేను నమ్ముతాను, ఈ అయిదారేళ్ల చరిత్ర ఆ నమ్మకానికి గట్టి ఆధారం. రామోన్స్ 29 నిమిషాలకూ యెస్ 80 నిమిషాలకూ ఒకే అలమరలో చోటుంది.

వచ్చే భాగంలో: పంక్ వేగాన్నీ జెపెలిన్ బరువునూ కలిపి, 1979 నుంచి బ్రిటన్ పారిశ్రామిక పట్టణాల్లోనూ లండన్ తూర్పు వాడల్లోనూ లేచిన కొత్త హెవీ మెటల్ కెరటం, ఐరన్ మెయిడెన్ తొలి అడుగులు, డోనింగ్టన్ మైదానంలో 1980 ఆగస్టు 16.